ఎర్ర చంద్రుడు మసకగా వస్తుంటే

300 ఎంఎం లెన్స్‌తో ట్రైపాడ్ మీద 4 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే సంపూర్ణ చంద్రగ్రహణంలో ఎర్రబడ్డ చంద్రుడు మసకగా వచ్చాడన్నారు కదా, అది లెన్స్ తప్పు కాదండి. భూమి తిరగడం వల్ల చంద్రుడు ఆకాశంలో సెకనుకు దాదాపు 15 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతాడు, అంటే మీ 4 సెకన్లలో తన వ్యాసంలో సుమారు 30వ వంతు కదిలిపోయాడు, అంచులు చెదిరింది అందుకే. షట్టర్ 1 సెకను దాటనివ్వకండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 నుంచి 3200 దాకా పెంచండి, నాయిస్ (ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం) వస్తుందని టెన్షన్ పడొద్దు, దాన్ని తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు గానీ కదిలిన ఫొటోని సరిచేయడం చాలా కష్టం. ఫోకస్ మాత్రం గ్రహణానికి ముందే, లైవ్ వ్యూలో జూమ్ చేసి చంద్రుడి మీది బిలాల (గుంతల) మీద మాన్యువల్‌గా పెట్టేయండి. బటన్ నొక్కినప్పుడు కెమెరా కదలకుండా 2 సెకన్ల టైమర్ కూడా వాడండి.

ఇదే లెన్స్‌ని సూర్యగ్రహణానికి వాడేటట్లయితే ముందువైపు సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు తిప్పనే తిప్పకండి, కళ్లు పోతాయి.