లంబసింగి చలికి టెంట్‌లో గ్యాస్ హీటర్ వద్దు

డిసెంబర్‌లో లంబసింగిలో పిల్లలతో టెంట్‌లో ఉంటామని, రాత్రంతా వెలిగించి ఉంచడానికి చిన్న గ్యాస్ హీటర్ ఏది కొనాలని అడిగారు. రాత్రంతా అయితే ఏదీ కొనకండి. గాలి సరిగా ఆడని చోట మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. చలిమంట నిప్పులు కుంపట్లో వేసి టెంట్‌లోకి తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం.

సాయంత్రం ఆరుబయట కూర్చున్నప్పుడు వాడుకోవడానికే అయితే, ఒరిగితే దానంతట అదే ఆరిపోయే రకం చూడండి. ఉత్త బ్యూటేన్ గ్యాస్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గర సరిగా మండదు, ప్రొపేన్ కలిసినది తీసుకోండి.

బ్యాటరీ మీద కరెంటు హీటర్ ఎక్కువసేపు నడవదు. 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్‌తో (వెంట తీసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టెతో) 1000 వాట్ల హీటర్ అరగంట కూడా రాదు. అదే బ్యాటరీతో 50 వాట్ల కరెంటు దుప్పటి దాదాపు రాత్రంతా వస్తుంది. అయితే పసిపిల్లలకు అది వాడకండి.

నిజానికి చలి ఎక్కువగా నేల నుంచే లాగుతుంది. ముందు మందపాటి ఫోమ్ మ్యాట్లు, మంచి స్లీపింగ్ బ్యాగులు కొనండి. పడుకునే ముందు వేడినీళ్ల బ్యాగుకి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టండి. టెంట్ పైన గాలి కిటికీ కొంచెం తెరిచే ఉంచండి, లేకపోతే ఊపిరి తేమకి తెల్లారేసరికి దుప్పట్లు తడుస్తాయి.

పిల్లల వయసు చెబితే స్లీపింగ్ బ్యాగు సైజు చెప్పగలను.