చిక్కటి ఆయిల్ మంచిదేనా?

అమ్మా శ్రావణీ,

ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. నీ కారు మాన్యువల్‌లో ఇంజిన్ ఆయిల్ 0డబ్ల్యూ-20 అని ఉంటే మెకానిక్ ఏమో "అది మరీ నీళ్లలా ఉంటుందమ్మా, 15డబ్ల్యూ-40 పోసేద్దాం" అన్నాడనీ, ఆఫీసులో ఇంకొకరు 5డబ్ల్యూ-30 పోయించమన్నారనీ రాశావు. తలా ఒక మాట చెబితే టెన్షన్ పడక ఏం చేస్తావు? ముందు జవాబు చెప్పేస్తాను. నీ బండి మాన్యువల్‌లో ఏ గ్రేడు ఉందో అదే పోయించు. అలా ఎందుకన్నానో కూడా తెలుసుకో. రేపు సర్వీసుకి వెళ్లినప్పుడు ఇంకెవరో ఇంకో మాట చెబుతారు, అప్పుడు నేను పక్కన ఉండను కదా.

డబ్బా మీది అంకెల్లో డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ బాగా వేడెక్కాక ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. 20 అంటే 20 డిగ్రీల దాకే పనికొస్తుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఎస్‌ఏఈ అనే వాహన ఇంజినీర్ల సంఘం వాళ్ల జె300 ప్రమాణం ప్రకారం, చలిలో ఇంజిన్‌ని తిరగనిస్తుందా లేదా అని 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. వెనక అంకెకి కొలత 100 డిగ్రీల దగ్గర. 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు. ఇది చాలదన్నట్టు 150 డిగ్రీల దగ్గర, బేరింగుల్లో ఉండే ఒరిపిడి లాంటి ఒరిపిడి పెట్టి ఇంకోసారి కొలుస్తారు. అందులో కూడా 20 గ్రేడు ఆయిల్ ఒక హద్దు కిందికి దిగకూడదు. అంటే మీ మెకానిక్ "నీళ్లు" అంటున్న ఆయిల్ ఇన్ని పరీక్షలు దాటి వచ్చిందే.

మరి మంచు పడని చోట ముందు అంకెతో పనేమిటని అడుగుతావేమో. ఇంజిన్‌కి చల్లదనం అంటే మంచు ఒక్కటే కాదమ్మా. పని చేసేటప్పుడు దానిలో ఆయిల్ 100 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. దాంతో పోలిస్తే 40 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండి కూడా చల్లగా ఉన్నట్టే. 0డబ్ల్యూ-20 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 100 డిగ్రీల దగ్గరున్న దానికి దాదాపు అయిదింతలు. అందుకే చల్లబడిన బండికి సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆయిల్ అవసరానికి మించి చిక్కగానే ఉంటుంది, పలచబడటానికి కొంతసేపు పడుతుంది. అయితే ఒకటి, వెచ్చటి చోట 0డబ్ల్యూకీ 5డబ్ల్యూకీ తేడా అంతగా తెలియదు. అక్కడ నువ్వు ఎక్కువ పట్టించుకోవాల్సింది వెనక అంకెని.

చిక్కగా ఉంటే ఇంజిన్‌కి బలం అన్న మాట పాత ఇంజిన్ల కాలం నుంచి వస్తోంది. ఇప్పటి ఇంజిన్‌లో ఆయిల్ చేసే పని రాపిడి తగ్గించడం ఒక్కటే కాదు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో మార్చే వీవీటీ ఆయిల్ ప్రెషర్‌తోనే తిరుగుతుంది. చాలా ఇంజిన్లలో టైమింగ్ చెయిన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కీ, టాపెట్ల సందు సరిచేసే హైడ్రాలిక్ అడ్జస్టర్లకీ అదే ఆధారం. సన్నటి దారుల్లోంచి, కరెంటుతో తెరుచుకునే చిన్న సొలెనాయిడ్ వాల్వు గుండా ఇంత సమయంలో ఇంత ఆయిల్ వెళ్లాలని లెక్క కట్టి కంప్యూటర్‌లో రాసి పెడతారు. ఆయిల్ పంపుని కూడా ఆ చిక్కదనానికి తగ్గట్టే తయారుచేస్తారు. అందుకే ఆయిల్‌ని నేను ఇంజిన్‌లో ఒక పార్టుగానే చూస్తాను.

మా షెడ్డుకి ఒకసారి ఒక కారు వచ్చింది. ఇంజిన్ చప్పుడు తగ్గుతుందని ఎక్కడో 20డబ్ల్యూ-50 పోయించారట. మాన్యువల్‌లో ఉన్నది 5డబ్ల్యూ-30. రాత్రంతా షెడ్డులోనే ఉంచి పొద్దున్నే స్టార్ట్ చేశాం. చెయిన్ వైపు నుంచి గలగలమని కొన్ని సెకన్లు శబ్దం వచ్చి ఆగింది. కాసేపటికి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయం, వెనకబడుతోందని కోడ్ చూపించింది. ఏ పార్టూ మార్చలేదు. ఆ ఆయిల్ మొత్తం దించేసి, కొత్త ఫిల్టర్ వేసి, సొలెనాయిడ్ జాలీ శుభ్రం చేసి, 5డబ్ల్యూ-30 పోశాం. మర్నాడు పొద్దున్న శబ్దమూ లేదు, కోడూ రాలేదు. ఆ ఓనరు అప్పటికే చెయిన్ కిట్టు మార్పించాలేమోనని బెంగపెట్టుకుని ఉన్నాడు.

ప్రెషర్ ఎక్కువ చూపిస్తే మంచిదనే మాట కూడా నీకు వినబడుతుంది. ఆయిల్ కదలడానికి మొరాయించినా ప్రెషర్ పెరుగుతుంది. అది ఒక హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, బేరింగుల దాకా వెళ్లాల్సిన ఆయిల్ కొంత వెనక్కి పోతుంది. బేరింగులకు కావలసింది ఆగకుండా పారే ఆయిల్, వాటి వేడిని మోసుకుపోయేది కూడా అదే. అలాగని పలచనైతే ఎప్పుడూ మేలని కాదు. 40 గ్రేడు అడిగే ఇంజిన్‌లో మైలేజీ కోసం 20 పోస్తే వేడి మీద ఆయిల్ పొర తెగి లోహానికి లోహం తగలొచ్చు. అది ఇంకా పెద్ద నష్టం.

చిక్కటిదానికి మారే సందర్భాలు ఉంటాయి, కాదనను. మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీస్తే చాలా బండ్లకు ఒకటి కంటే ఎక్కువ గ్రేడులు, ఏ ఉష్ణోగ్రతకి ఏది అన్న పట్టిక ఉంటుంది. బరువులు లాగేవాళ్లు, గంటల తరబడి వేగంగా నడిపేవాళ్లు, ఎప్పుడూ ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లు ఆ పట్టిక లోపలే ఒక మెట్టు పైది ఎంచుకోవచ్చు. బాగా తిరిగి ఆయిల్ తాగుతున్న బండికీ అంతే, కానీ ముందు ఎక్కడైనా కారుతోందేమో, ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోయిందేమో చూపించాలి. ఒకే ఇంజిన్‌కి ఒక్కో దేశంలో ఒక్కో పట్టిక ఇస్తారు కాబట్టి నెట్‌లో దొరికిన వేరే దేశం మాన్యువల్ చూసి నిర్ణయించకు. నీ బండితో వచ్చిన పుస్తకమే చూడు.

గ్రేడు కుదిరితే సగం పనే అయినట్టు. డబ్బా వెనక చిన్న అక్షరాలు కూడా చదువు. పెట్రోలు బండికి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) వాళ్ల ఎస్‌పీ లాంటి నాణ్యత గుర్తు ఉంటుంది. అది 2020లో వచ్చింది. టర్బో ఉండి, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ స్పీడు మీద ఇంధనం ముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంటుంది, దాన్ని తగ్గించే పరీక్షలు అందులో ఉన్నాయి. డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటే బూడిద తక్కువ వచ్చే ఆయిలే కావాలి, లేకపోతే ఆ ఫిల్టర్ మెల్లగా పూడిపోతుంది. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్ అయితే కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌కి వెంట్రుకవాసి కూడా పక్కకి పోవద్దు. తప్పు ఆయిల్‌కి బెల్టు ఉబ్బి, దాని తునకలు పంపు జాలీకి అడ్డం పడతాయి. "ఫుల్లీ సింథటిక్" అని పెద్దగా రాసి ఉన్నా, చిక్కదనం సంగతి ఆ మాటలో ఏమీ ఉండదు.

నువ్వు రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పుతానన్నావు. డైరెక్ట్ ఇంజెక్షన్ బండికి ఇది అంత మంచిది కాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు కొద్దికొద్దిగా ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు పెట్రోలు వాసన కొడుతున్నా, పోయకుండానే లెవెల్ పెరిగినట్టు కనిపించినా ఇదే కారణం కావచ్చు, ఒకసారి చూపించు. ఆయిల్ పలచబడింది కదా అని చిక్కటిది పోయించకు. మాన్యువల్‌లో కఠినమైన వాడకానికి ఇచ్చిన గడువు ప్రకారం త్వరగా మార్పించు. వీలైనప్పుడు ఒకసారి అరగంట ఆగకుండా నడుపు.

సర్వీసు రోజున డబ్బా సీలు నీ ముందే తీయమను. ఎన్ని లీటర్లు పట్టాలో మాన్యువల్ చూసి అంతే పోయమను. డబ్బాలో మిగిలింది కదా అని ఒంపేస్తే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ తగిలి ఆయిల్ నురగ వస్తుంది. తర్వాత సమతలం మీద ఇంజిన్ ఆపి, కొద్ది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడు. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. నల్లబడిందని కంగారుపడకు, మురికిని తనలో పట్టి ఉంచుకోవడం కూడా దాని పనే. ఎప్పుడైనా దారి మధ్యలో లెవెల్ బాగా తగ్గిపోయి సరైన గ్రేడు దొరక్కపోతే, దానికి దగ్గరగా ఉన్న కారు ఇంజిన్ ఆయిల్ అర లీటరు పోసుకుని వచ్చేయ్. లెవెల్ లేకుండా నడపడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఆయిల్ పేజీ ఫోటో తీసి పంపు. టర్బో ఉందో లేదో కూడా రాయి. మీ మెకానిక్‌తో నేనే ఫోన్లో మాట్లాడతాను, చేతిలో పనితనం ఉన్నవాడే అంటున్నావుగా, చెబితే వింటాడు.

నీ బాబాయ్