రోడోడెండ్రాన్ల వర్గీకరణ చదువుతానంటున్న అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. కిందటి ఏడాది సిక్కిం చూసి వచ్చినప్పటి నుంచి, అక్కడి కొండల్లో పూలు పూసే పెద్ద ఆకుల రోడోడెండ్రాన్ చెట్ల వర్గీకరణే చదువుతానని పట్టుబడుతోంది. మన వైపు ఆ చెట్టే లేదు కదా, ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి, కావలి

జవాబు: అయ్యా, మీ సందేహం న్యాయమైనదే. అయితే ఉద్యోగాల మాటకు ముందు, ఆ పని ఎలాంటిదో మీరిద్దరూ తెలుసుకోవడం అవసరం.

1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన రోడోడెండ్రాన్ ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహంలో) నేడు వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. వీటిని పూల రంగును బట్టి విడదీయడం కుదరదు. ఆర్బోరియం అనే ఒక్క జాతిలోనే ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా పూలు కనిపిస్తాయి. అందుకే వర్గీకరణ చేసేవారు ఆకును తిరగేసి, దాని అడుగుభాగాన్ని చూస్తారు. సన్నని పొలుసులు ఉన్నవి ఒక వైపు, లేనివి మరొక వైపు పోతాయి. మీ అమ్మాయికి నచ్చిన పెద్ద సతతహరిత వృక్షాలు పొలుసులు లేని హైమెనాంథిస్ అనే ఉపప్రజాతికి చెందినవి. ఎడిన్‌బరోలో డేవిడ్ చాంబర్లేన్ అనే వృక్షశాస్త్రవేత్త 1982లో దీన్ని సవరించి 24 ఉపవిభాగాలుగా అమర్చారు. వాటిలో గ్రాండియా, ఫాల్కనేరా రెండూ భారీ ఆకులవే కాబట్టి పైపైన చూస్తే ఒకటే అనిపిస్తాయి. కానీ ఫాల్కనేరా ఆకు అడుగున గిన్నె ఆకారపు నూగు దట్టంగా ఉంటుంది, గ్రాండియా ఆకుకు సాధారణంగా వెండి పూత పూసినట్టు పలుచని పొర అంటుకొని ఉంటుంది. పైగా ఫాల్కనేరా ఉపవిభాగంలోని ఫాల్కనేరి, హాడ్జ్‌సోనీ జాతులు అడవిలోనే సంకరమవుతాయి. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక పాత విభాగాలలో కొన్నింటిని మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. అంటే, ఈ రంగంలో చేయవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

ఈ చూపు అలవడడానికి సిక్కిం దాకా వెళ్లనక్కర్లేదు. పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం కొనిచ్చి, మీ పెరట్లోని వంగ ఆకు అడుగుభాగాన్ని చూడమనండి; అక్కడ నూగు నక్షత్రాల ఆకారంలో కనిపిస్తుంది. ఆ తర్వాత జిల్లేడు, తుత్తురుబెండ ఆకులను కూడా చూసి, తేడాలను బొమ్మ గీసి రాసుకోమనండి. నెల రోజులు ఈ పనిలో విసుగు పుట్టకపోతే, ఆమె ఆసక్తిని నమ్మవచ్చునని నా అభిప్రాయం. వెలికొండల్లో ఎర్రచందనం పెరిగే అడవులు మీకు దూరమేమీ కాదు. డిగ్రీలో క్షేత్ర పరిశీలనకు అవే మొదటి బడి అవుతాయి.

ఇక దారి విషయానికి వస్తే, బీఎస్సీ ఆనర్స్ బోటనీ, ఆపై ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ చేయాలి. ఎమ్మెస్సీకి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గరలో ఉంది. హిమాలయ వృక్షాలే లక్ష్యమైతే గ్యాంగ్‌టక్‌లోని సిక్కిం విశ్వవిద్యాలయాన్ని పరిశీలించండి. పరిశోధన ఫెలోషిప్పుకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. ఆ లైఫ్ సైన్సెస్ పేపరులోని 13 విభాగాల్లో జీవవైవిధ్యం ఒకటి మాత్రమే. కాబట్టి జన్యుశాస్త్రం, జీవరసాయనశాస్త్రం వదిలేస్తే కుదరదని ఇప్పటి నుంచే చెప్పండి. దేశంలోని మొక్కలను సర్వే చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1890లో ఏర్పడిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాదు, కోయంబత్తూరు, గ్యాంగ్‌టక్, ఈటానగర్‌లలో కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఖాళీలు తక్కువగా వస్తాయి, చాలా కాలం ఎదురు చూడవలసి రావచ్చు. ఈ సంగతి దాచడం మీకు మేలు కాదు. అందువల్ల డిగ్రీ కళాశాల అధ్యాపక పోస్టులను, బోటనీ ఐచ్ఛికంగా తీసుకోగల అటవీ సర్వీసును కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

మరొక్క మాట. ఆర్బోరియం ఉపజాతి ఒకటి, నీలగిరికం, మన దక్షిణాదిలోని నీలగిరుల్లో కూడా పెరుగుతుంది. బొటానికల్ సర్వే కోయంబత్తూరు కేంద్రంలో మద్రాసు హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భండారం) ఉంది కాబట్టి, డిగ్రీలో చేరాక ముందుగా అనుమతి తీసుకొని, ఒక సెలవులో ఆమెను అక్కడికి తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు భూతద్దం మరిచిపోవద్దు.