మానిటర్ లేని సర్వర్‌కి బొమ్మల లైబ్రరీ ఎందుకు?

ప్రశ్న: స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేస్తున్నానండీ. కాంక్రీటు దూలానికి మెష్ (లెక్కల కోసం దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వల) తయారుచేసే పైతాన్ స్క్రిప్టు నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. కాలేజీ సర్వర్‌లో పెడితే మెష్ తయారుచేసే జీమెష్ ప్రోగ్రాంని పిలిచే 'ఇంపోర్ట్ జీమెష్' దగ్గరే ఆగిపోయి, 'లిబ్‌జీఎల్‌యూ.ఎస్ఓ.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్' అంటోంది. పైతాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో జీమెష్‌ని మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ కూడా స్క్రిప్టు మొదట్లోనే పెట్టి చూశాను. సర్వర్‌లో నాకు సూడో (అడ్మిన్ అధికారం) లేదు. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు ఎక్కించినా అదే మాట అంటుంది. మీ దగ్గర లేనిది జీమెష్ కాదు. ఎర్రర్‌లో మొదటి కోలన్‌కి ముందున్న పేరు ఇంకోసారి చదవండి: జీఎల్‌యూ. అది తెర మీద బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్‌కి తోడు లైబ్రరీ. జీమెష్ ఫైలు దాని చోట అది క్షేమంగానే ఉంది, అది లేస్తూనే పిలిచిన చుట్టమే ఊళ్లో లేడు. ఈ చుట్టాన్ని తీసుకురావడం పిప్ పని కాదు, ఉబుంటు పని. మీ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ సరంజామాతో పాటు ఎప్పుడో వచ్చి కూర్చుని ఉంటాడు.

మెష్‌కి బొమ్మలు గీసే లైబ్రరీతో పనేమిటని మీకు అనిపించొచ్చు. జీమెష్‌కి సొంత విండో ఒకటి ఉంది. పిప్‌లో వచ్చే లైబ్రరీలో ఆ విండో కోడు కూడా కలిసే ఉంటుంది. మీరు విండో తెరవకపోయినా ఓపెన్‌జీఎల్ సామానంతా ముందే కావాలంటుంది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్న వ్యవహారం!

ఇప్పుడే అడ్మిన్‌గారికి 'జీఎల్‌యూ వేయండి' అని మెయిల్ పెట్టకండి. అది వేస్తే ఎక్స్‌కర్సర్ లేదంటుంది, అదీ వేస్తే ఎక్స్‌ఎఫ్‌టీ అంటుంది; అవీ విండోకి కావలసిన లైబ్రరీలే. నాలుగో మెయిల్‌కి ఆయన జవాబివ్వరు. ముందు 'పిప్ షో -ఎఫ్ జీమెష్' కొట్టి లిబ్‌జీమెష్ ఎక్కడుందో చూసుకోండి. ఆ ఫైలు మీద ఎల్‌డీడీ నడపండి. దానికి కావలసిన లైబ్రరీలన్నీ వరసగా వస్తాయి, లేనివాటి పక్కన 'నాట్ ఫౌండ్' అని ఉంటుంది. ఆ వరసలే ఏరి ఒక్క మెయిల్‌లో పంపండి. ఫైలు పేరు వేరు, ప్యాకేజీ పేరు వేరు: ఉబుంటులో జీఎల్‌యూ 'లిబ్‌జీఎల్‌యూ1-మెసా'లో ఉంటుంది, ఎక్స్‌కర్సర్ 'లిబ్‌ఎక్స్‌కర్సర్1'లో, ఎక్స్‌ఎఫ్‌టీ 'లిబ్‌ఎక్స్‌ఎఫ్‌టీ2'లో.

అడ్మిన్ సెలవులో ఉంటే కొండా ఉంది, అదీ పిప్‌లాగే ప్యాకేజీలు ఎక్కించే సాధనం. దానికి సూడో అక్కర్లేదు. కొత్త ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలకు విడి గది) తెరిచి, కొండా-ఫోర్జ్ అనే ప్యాకేజీల భాండారం నుంచి జీమెష్, పైతాన్-జీమెష్ రెండూ వేయండి. కావలసిన లైబ్రరీలను కొండాయే వెంటబెట్టుకొస్తుంది. అందులోకి మళ్లీ పిప్ జీమెష్‌ని మాత్రం తేకండి.

ఎల్‌డీ లైబ్రరీ పాత్ మాటకొస్తే, ప్రోగ్రాంకి లైబ్రరీలను వెతికిపెట్టే లోడర్ దాన్ని పైతాన్ మొదలయ్యేటప్పుడే చదివేస్తుంది. స్క్రిప్టు లోపల రాయడం రైలు వెళ్లిపోయాక టికెట్ కొనడమే. అయినా అసలు ఆ ఫైలే సర్వర్‌లో లేకపోతే దారి చూపించి లాభమేముంది?

ఇంకొకటి మీరు చేయలేదు గానీ, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: 'దగ్గరి పేరున్న ఫైలుకి లింకు కొట్టెయ్' అని. నేనూ ఒకసారి కొట్టాను. పాత ఫోర్ట్రాన్ సాల్వర్ ఒకటి లిబ్‌జీఫోర్ట్రాన్.ఎస్ఓ.3 అడిగింది. నా దగ్గరున్నది జీసీసీ 8 కంపైలర్‌తో వచ్చిన .5. పేరు మార్చి లింకు పెట్టాను. ఫైలు దొరకలేదన్న ఎర్రర్ పోయింది, దాని బదులు 'వెర్షన్ జీఫోర్ట్రాన్_1.0 నాట్ ఫౌండ్' వచ్చింది. ఆ చివరి అంకె అలంకారానికి కాదని అప్పుడు తెలిసింది. పాత లైబ్రరీని దాని ప్యాకేజీతోనే పక్కన పెట్టాక సాల్వర్ లేచింది. నేను పెట్టిన లింకు మాత్రం మరిచిపోయాను. ఆర్నెల్ల తర్వాత ఇంకో ప్రోగ్రాం దానికి తగిలి పడిపోతే, సాయంత్రమంతా వెతికి తీసేశాను.