డెడ్‌లిఫ్ట్‌లో నడుము పట్టేసింది, మళ్లీ బార్ ఎప్పుడు పట్టుకోవచ్చు?

డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల బార్‌ని పట్టుకుని నిటారుగా లేచి నిలబడే వ్యాయామం) చేస్తుంటే నడుము పట్టేసి పది రోజులైందని, పూర్తిగా పడుకోవాలా, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. కాకపోతే ఈ నొప్పితో మూడు నెలలు కాపురం చేశాను. అందులో సగం నా తొందర పుణ్యమే.

ఆ రోజు ఎత్తింది 100 కిలోలు. అప్పటికి నెలల తరబడి ఎత్తుతున్న బరువే. నాలుగో రెప్‌లోనే, అంటే నాలుగోసారి ఎత్తినప్పుడే, నడుము గుండ్రంగా వంగిపోతోందని తెలుస్తూనే ఉంది. ఇంకొక్కటేగా అని ఐదోది లాగాను. కలుక్కుమంది. బార్ వదిలేసి లేస్తే ఒళ్లంతా ఓ పక్కకి ఒరిగిపోయింది. ఆ రాత్రి పక్కకి దొర్లాలంటే మంచం పట్టెను పట్టుకుని ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. తుమ్మొస్తుందేమోనని కూడా భయమే. (బెల్ట్ కట్టుకుంటే ఏమీ కాదంటారు చూడండి, నాకు బెల్ట్ కట్టుకునే పట్టేసింది.)

అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి. మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారినా, మూత్రం రాకపోయినా, మలమూత్రాలు ఆపుకోలేకపోయినా, కాలిలో బలం తగ్గి పాదం ఈడుస్తున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, అర్ధరాత్రయినా సరే. వెన్ను చివర ఉండే నరాల కట్ట నొక్కుకుపోతే ఆలస్యమయ్యే ప్రతి గంటా నష్టమే. నొప్పితో పాటు జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించుకోవాలి.

అవేవీ లేకపోతే ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోతే మాత్రం ఇంకా బిగుసుకుంటుంది. నేను మూడు రోజులు కదలకుండా పడుకుని, నాలుగోరోజు బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని వెళ్లాను. ఆ తర్వాత పూటకి రెండుసార్లు పదేసి నిమిషాలు నడవడం మొదలుపెట్టాకే కాస్త తెరిపి దొరికింది. వేడి కాపడం హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశించకండి.

నా అసలు తప్పు వేరే. రోజూ పొద్దున లేవగానే "తగ్గిందా?" అని వంగి కాలివేళ్లు అందుకునేవాణ్ణి. పుండు మానుతుంటే పొక్కు గిల్లి చూసుకోవడమే అది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, కాబట్టి పొద్దున్నే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఫిజియోథెరపిస్ట్ చెప్పింది ఒకటే: లేచాక మొదటి గంట నడుము వంచకు, సాక్సులు తర్వాత వేసుకో, వంగాల్సి వస్తే పిరుదులు వెనక్కి నెట్టి తుంటి దగ్గర వంగు. రెండు వారాల్లో తేడా తెలిసింది.

మూడో వారంలో భయపడి ఎమ్మారై కూడా తీయించాను. రిపోర్ట్‌లో 'డిస్క్ బల్జ్' (డిస్కు తన చోటు దాటి బయటికి పొంగడం) అని చూసి, ఇక జిమ్‌కి దణ్ణం పెట్టేయాలనుకున్నాను. తీరా చూస్తే నొప్పే లేని ఇరవయ్యేళ్ల వాళ్లలోనూ దాదాపు 30 శాతం మందికి అలా కనిపిస్తుందట. 2015లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షలో ఉంది ఆ లెక్క.

వ్యాయామాల్లో నేను పట్టుకున్నవి మూడే: కర్ల్ అప్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు కాస్త పైకి లేపడం), సైడ్ ప్లాంక్ (ఓ పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్లు లేపి ఉంచడం), బర్డ్ డాగ్. కెనడాలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు ఇవి. బర్డ్ డాగ్ తేలిక అనుకుంటాం. మోకాళ్లు, చేతుల మీద ఉండి కుడిచెయ్యి, ఎడమకాలు చాపినప్పుడు నడుము మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకకూడదు. మొదట్లో నా గ్లాసు ఐదు సెకన్లు కూడా నిలిచేది కాదు.

బార్ ముట్టుకుంది ఏడో వారంలో. ప్లేట్లు లేని 20 కిలోల బార్, అదీ మోకాళ్ల ఎత్తులో పెట్టి. చేస్తున్నప్పుడు పదికి రెండు పాళ్ల నొప్పి ఉన్నా పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున ఎలా ఉందన్నదే చూశాను. ముందురోజు కంటే బిగుసుకుంటే బరువు తగ్గించడం, లేకపోతే వారానికి 5 కిలోలు కలపడం. పక్కవాడు 140 లాగుతుంటే ఖాళీ బార్ ఎత్తడం నామోషీగానే ఉంటుంది, ఓర్చుకోవాలి.

పదో రోజున మీరు బార్ గురించి ఆలోచించొద్దు, నడవండి. నొప్పి నడుములోనే ఉందో, పిర్ర దాటి మోకాలి కిందకి దిగుతోందో రాయలేదు. దిగుతుంటే మాత్రం పైన చెప్పిన మూడు వ్యాయామాలూ మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి.