ఫారాల లెక్క ఒక్కటే చూడకు

అమ్మా,

ఏడీఆర్ రిపోర్టుల (మందుల వల్ల వచ్చే చెడు రియాక్షన్ల గురించి ఆస్పత్రిలో రాసే ఫారాల) నాణ్యత చూసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. పైవాళ్లు అడిగేది ఒకటే: "ఈ నెల ఎన్ని వచ్చాయి?" ఆ లెక్క చెప్పక తప్పదు, చెప్పు. కానీ నీ అసలు పని ఆ ఫారాలు చదవడం.

రోగి, రిపోర్టు చేసినవారు, అనుమానిస్తున్న మందు, రియాక్షన్. ఈ నాలుగు వివరాలూ ఉంటే రిపోర్టు చెల్లుతుంది. చెల్లినంత మాత్రాన పనికొస్తుందని కాదు. ముందు తేదీలు చూడు. ప్రపంచమంతటి నుంచి వచ్చే ఇలాంటి రిపోర్టులు చూసే ఉప్సాలా మానిటరింగ్ సెంటర్ వాళ్లకు, రిపోర్టు ఎంత పూర్తిగా ఉందో కొలిచే విజీగ్రేడ్ అనే పద్ధతి ఉంది. అందులో, మందు మొదలుపెట్టిన ఎన్నాళ్లకు రియాక్షన్ వచ్చిందో తెలియకపోతే స్కోరు సగానికి పడిపోతుంది. ఆ సంగతి తెలియనిదే మందుకీ రియాక్షన్‌కీ సంబంధం ఎలా తేలుస్తాం?

కేస్ షీటు పక్కన పెట్టుకునే చదువు. ఫారంలో "యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ఒళ్లంతా దద్దుర్లు" అని ఉంటుంది. డ్రగ్ చార్టు తిప్పితే మొదటి డోసు ఉదయం 10 గంటలకు. నర్సింగ్ నోట్సులో మాత్రం అదే రోజు 6 గంటలకే "దురద అంటున్నారు" అని ఉంటుంది. అంటే ముందు రాత్రి ఇచ్చిన నొప్పి ఇంజెక్షన్ సంగతి తేల్చాలి. ఫారంలో దాని ఊసే ఉండదు. 'ఇతర మందులు' గడి ఖాళీగా కనబడితే నేనైతే నమ్మను. వార్డులో ఒకే ఒక్క మందు మీద ఉన్న రోగులు ఎంతమంది ఉంటారు చెప్పు!

"అలర్జీ" అని ఒక్క ముక్క రాసి ఇస్తే తీసుకోకు. పొక్కులున్నాయా, నోట్లో పుండ్లున్నాయా, చర్మం ఊడుతోందా అని అడుగు. మూర్ఛకిచ్చే కార్బమజెపీన్ వాడే రోగి విషయంలో ఇది ప్రాణాల మీదికొచ్చే తేడా. రియాక్షన్ వల్ల ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు పెరిగితే అది సీరియస్ కిందికే వస్తుంది. ఆ టిక్కు చాలామంది పెట్టరు.

కాజాలిటీ గడిలో, అంటే రియాక్షన్‌కు ఆ మందే కారణమని ఎంతవరకు అనుకోవచ్చో రాసే చోట, అందరికీ "పాసిబుల్" (కావచ్చు) అనే ఉందంటే ఎవరూ ఆలోచించి రాయలేదన్నమాట. ఆ సంబంధాన్ని ప్రశ్నలకు మార్కులు వేసి తేల్చే నరాంజో స్కోరు వేశామంటే ఏ ప్రశ్నకు ఎంత వేశారో చూపించమను.

రిపోర్టులన్నీ నెలాఖరునే వచ్చిపడుతుంటే టార్గెట్ కోసం రాస్తున్నారని అర్థం. అన్నీ వాంతులూ విరేచనాలే అయితే పెద్ద రియాక్షన్లు ఎక్కడో జారిపోతున్నాయి. అప్పుడు ఫార్మసీకి వెళ్లి విటమిన్ కె, నాలోక్సోన్ (మార్ఫిన్ లాంటి మందులు ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చేది) ఇంజెక్షన్లు ఎవరెవరికి వెళ్లాయో చూడు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీద రక్తస్రావమై విటమిన్ కె ఇచ్చిన రోగి పేరున నీ దగ్గర రిపోర్టు లేకపోతే ఆ వార్డుకే నేరుగా వెళ్లు. వెళ్లినప్పుడు తప్పెవరిదని మాత్రం అడగకు. ఒక్కసారి అలా అడిగావంటే ఆ వార్డు నుంచి మళ్లీ కాగితం రాదు.

రాసినవాళ్లకు జవాబివ్వు, రెండు వాక్యాలైనా సరే. మొదటి నెలలో పాత రిపోర్టులు కొన్ని తీసి కేస్ షీట్లతో పోల్చి, ఏ గడి ఎక్కువ ఖాళీగా ఉంటోందో తేల్చుకో. వార్డుల్లో ఆ ఒక్కదాని గురించే మాట్లాడు. పోస్టర్లు, శిక్షణా తరగతులు తర్వాత చూసుకోవచ్చు.