బొడ్డుతాడు రక్తం దాచాలా వద్దా: తొందరపడి డబ్బు కట్టకండి

బ్రో, మీ ఆవిడకి ఎనిమిదో నెల, బొడ్డుతాడు రక్తం డబ్బు తీసుకుని దాచిపెట్టే బ్యాంక్ ఏజెంట్ ఫోన్ల మీద ఫోన్లు, అత్తగారేమో స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగలిగే మూలకణాలు) అంటే పిండాన్ని చంపి తీస్తారట వద్దు అంటున్నారు అన్నారు కదా. ముందు అత్తగారి సంగతి, ఆ గొడవ పిండం నుంచి తీసే కణాలది, 1998లో అమెరికాలో థామ్సన్ అనే సైంటిస్ట్ వాటిని ల్యాబ్‌లో పెంచినప్పటి నుంచీ నడుస్తోంది. ఇక్కడ స్టెమ్ సెల్స్ వచ్చేది కాన్పయ్యాక పారేసే బొడ్డుతాడులో రక్తం నుంచి.

ఇక డబ్బు. "రేపు బిడ్డకి తలసీమియా వస్తే ఇదే కాపాడుద్ది" అని ఏజెంట్ అన్నాడంటే అక్కడే పట్టుకోండి, అది పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు, ఆ లోపం ఆ దాచిన రక్తంలోనూ ఉంటది కదా, అదే మళ్ళీ ఎక్కిస్తే లాభమేంటి! ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ) 2017 గైడ్‌లైన్స్ కూడా సొంతానికి దాచుకోమని చెప్పట్లేదు. ఇంట్లో పెద్ద పిల్లకి అలాంటి జబ్బుండి స్టెమ్ సెల్ మార్పిడి కావాల్సొస్తే అది వేరే, హెమటాలజిస్ట్‌ని (రక్తం జబ్బుల డాక్టర్‌ని) అడగండి.

మా చెల్లి కాన్పప్పుడు ఇచ్చిన బ్రోషర్‌లో ఆటిజం, షుగర్, పక్షవాతం అన్నీ నయం అని ఉంది, కింద మూల చీమతలకాయంత అక్షరాల్లో "పరిశోధన దశలో" అని. అలాగని స్టెమ్ సెల్సే ఉత్తవి అనను, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కెమికల్ పడి కాలిన కంటికి, బాగున్న కంటి నల్లగుడ్డు అంచు నుంచి స్టెమ్ సెల్స్ ఉండే చిన్న ముక్క తీసి పెట్టి ఎంతోమందికి చూపు తెప్పించారు.

బిడ్డ బానే ఉంటే బొడ్డు ఒక నిమిషం ఆగి కొయ్యమని డాక్టర్‌ని అడగండి, ఆ రక్తం బిడ్డకే పోతుంది, ఫ్రీగా.